చూపొస్తే ముందు ఎవర్ని?

"‘నాకు చెడు తిరుగుళ్లేం లేవండీ’ అని ఆయనే అన్నాడు మేడమ్! అడగలేదని నన్ననకండి. అరవై దాటిన పెద్దమనిషిని ఇంకెలా అడుగుతాం?"

కంటాసుపత్రి వరండాలో జూనియర్ డాక్టర్ కిరీటి గొంతు లేచింది. పెద్ద డాక్టర్ వకుళ మేడమ్‌కి వాదించే అలవాటు లేదు. "రా, కూర్చో. నోరు మాత్రం మెదపకు" అని లోపలికి నడిచింది.

లోపలున్న అంకమరావు లారీలకి బొమ్మలేస్తాడు. ఎడమ కన్ను ఎర్రబడితే కిరీటి మామూలు వాపనుకుని నెల్లాళ్లు చుక్కల మందు వేయించాడు. ఇప్పుడు కుడి కంట్లోనూ మసకొచ్చింది. తిన్నగా గీసిన గీత వంకరగా కనిపిస్తోందని ఆయన కుంచె పక్కన పడేశాడు.

మేడమ్ తోడొచ్చిన కొడుకుని టీకి పంపేసి, కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసింది. అవి పనిచేసేసరికి ఎదుటి మొహం అలుక్కుపోతుంది. ఆవిడ ఏదడిగినా అప్పుడే అడుగుతుంది.

"అంకమరావు గారూ, చూపొస్తే ముందు ఎవర్ని చూడాలనుంది?"

"మావోడు లేడుగా?" అని ఆయన గొంతు తగ్గించాడు.

"సామ్రాజ్యాన్నండి."

భార్య పోయిన ఆరేళ్లకి సామ్రాజ్యం పరిచయమైందట. టీకొట్టు నడిపేది. "ఏం బొమ్మలోడా, నా మొహం ఏ లారీ మీదేస్తావ్?" అని ఏడిపించేదట. ఏడు నెలలు కలిసున్నాక ఆవిడ కూతురొచ్చి చీరాల తీసుకుపోయింది. ఏడాదైంది.

"ఇప్పుడు ఏ ఆడబొమ్మేసినా ఆవిడ కళ్లే వస్తన్నాయండి. లారీలోళ్లు తిడతన్నారు."

"అప్పట్లో ఒంటి మీద మచ్చలేమైనా వచ్చాయా?"

"అరచేతుల్లో వచ్చి పోయినాయి. రంగులు ఒంటికి పడలేదనుకున్నా."

రక్తపరీక్షలో సిఫిలిస్ అని తేలింది. సుఖరోగం కంట్లోనూ కాపురం పెడుతుందని కిరీటి పుస్తకంలో చదివాడే గానీ, ఇలా ఎదురొస్తుందనుకోలేదు. రెండు వారాలు పెన్సిలిన్ ఎక్కిస్తే చూపు చాలామటుకు తిరిగి రావచ్చంది మేడమ్.

"ఆవిడకీ పరీక్ష చేయించాలి. ఫోన్ మీరు చేస్తారా, నన్ను చేయమంటారా?"

ఆయన ఫోన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఏడాదిగా ఫోన్ చేయడానికి ఒక్క వంక దొరకలేదండి" అన్నాడు. "దొరికింది ఇదా?"

అయినా నంబరు నొక్కాడు. చూడక్కర్లేకుండానే నొక్కాడు.

బయటికొచ్చాక కిరీటి ఉండబట్టలేకపోయాడు. "మరి నాకెందుకు అబద్ధం చెప్పాడు మేడమ్?"

"అబద్ధమెక్కడ? నువ్వు చెడు తిరుగుడు గురించి అడిగావుగా" అందావిడ.

ఆ కుర్చీలో, ఎదుటి మొహం కనబడకుండా, మీరు కూర్చునుంటే ఎవరి పేరు చెప్పేవారు?