ఒంటికాలి పాట

గోగులపాడు సన్నాయి మేళంలో పెద్దాయన బుల్లెంకన్న గారికి ఒక అలవాటుంది. శిష్యుడు ఏదైనా అడిగితే అడిగిన పూట జవాబు చెప్పడు. "ఊఁ" అంటాడు, అంతే. ఆ ఊఁకి అర్థం తెలీక జుట్టు పీక్కున్న శిష్యులు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

త్రిమూర్తులు జుట్టు పీక్కునే రకం కాదు. పాతికేళ్ళు దాటినవాడు, పెళ్ళయినవాడు, వేళ్ళలో చురుకున్నవాడు. తొందర అంతకు రెట్టింపు. గురువు పద్ధతి అతనికి బొత్తిగా మింగుడు పడలేదు. జాతర పాట ఒక్కటీ రాసివ్వడు, స్వరం చెప్పడు. ఊరూరి జాతరలో అమ్మవారి గరగ వెంట నడుస్తూ వినమంటాడు. అలా ఒక్క పాట పట్టుబడ్డానికి ఆరు నెలలు! ఇదేం చదువని త్రిమూర్తులు నిరుటి జాతర మేళమంతా ఎవరో రికార్డు చేస్తే ఫోన్లో ఎక్కించుకున్నాడు. చెవుల్లో తీగలు పెట్టుకుని నెల తిరక్కుండా పన్నెండు పాటలూ పొల్లుపోకుండా దింపేశాడు.

"అది కాదండి మేష్టారూ," అన్నాడు ఒకనాడు ఉండబట్టలేక. "మీరు ఊదిందంతా ఫోన్లో ఉందండి. నేనూ చెవితోనే కదండి నేర్చుకుంది? ఏళ్ళతరబడి గరగ వెనకాల కాళ్ళీడ్చుకుంటూ తిరిగితే ఇంకేం వస్తాదండి?"

"ఊఁ," అన్నాడు బుల్లెంకన్న గారు.

జవాబు ముత్యాలమ్మ జాతర నాడు వచ్చింది. గరగ లేచే వేళకు పెద్దాయన తన సన్నాయి త్రిమూర్తులు చేతిలో పెట్టి, తాను శ్రుతి సన్నాయి నోట పెట్టుకుని వెనక్కి తగ్గాడు. శ్రుతి పట్టినవాడికి ఒక్కటే స్వరం, ఊరేగింపు ఆగేదాకా నోరు ఖాళీ ఉండదు. ఇక శిష్యుడు తప్పినా ఒప్పినా అడ్డం రావడానికి లేదన్నమాట. త్రిమూర్తులికి ఛాతీ ఉప్పొంగింది. వెనకాల గురువు, ముందు ఊరంతా. ఇంకేం కావాలి!

గరగ అంటే అమ్మవారి ఇత్తడి ఘటం. ఆ ఊళ్ళో దాన్ని తాత నాటినుంచీ లోవరాజు ఇంటివాళ్ళే ఎత్తుతున్నారు. నెత్తిన పెట్టుకున్నాక చెయ్యి ఆనించకూడదు. ఖర్మ చాలక జారిందా, ఎత్తినవాడే కాదు, వాడి కొడుకూ మనవడూ కూడా ఇక ఎత్తడానికి లేదు. ఊరి కట్టుబాటది. లోవరాజుకి యాభై నిండాయి. వచ్చే ఏడు కొడుకు నెత్తిన పెడదామని ఆశ.

రెండు వీధులు బ్రహ్మాండంగా సాగాయి. మూడో వీధి మొదట్లో ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు తెచ్చి లోవరాజు కాళ్ళమీద పోశారు. సిమెంటు రోడ్డు తడిసి నున్నగా మెరుస్తోంది. త్రిమూర్తులు ఒంటికాలి పాట ఎత్తుకున్నాడు. ఆ పాటలో సన్నాయి పైస్వరం అందుకోగానే గరగ మోసేవాడు ఎడమకాలు ఎత్తాలి. స్వరం కిందికి దిగాకే కాలు దించాలి. ముందే దించితే అమ్మకు అపచారం. డోలు నాలుగు దెబ్బలు కొట్టేపాటి సేపు, అంతే.

నాలుగు దెబ్బలూ పడ్డాయి. స్వరం దిగలేదు.

నిరుడు మేష్టారు సరిగ్గా ఇక్కడే ఊపిరి తెగకుండా ఎంతసేపు పట్టారని! త్రిమూర్తులికి ఆ చోటంటే ప్రాణం. ఇంట్లో వందసార్లు సాధన చేశాడు. కళ్ళు మూసుకుని, బుగ్గలు నింపి, తన్మయంగా పట్టుకున్నాడు. డోలు సత్తియ్య ఐదో దెబ్బ గట్టిగా వేశాడు. ఆరోది ఇంకా గట్టిగా వేశాడు. ఎవరో ఆడమనిషి "అమ్మో!" అంది.

త్రిమూర్తులు కళ్ళు తెరిచాడు. లోవరాజు ఒంటికాలిమీద ఉన్నాడు. పిక్కలు వణుకుతున్నాయి. తడిలో మడమ అంగుళం జరిగింది. నెత్తిమీద ఘటం కుడివైపుకి ఒరిగింది. చేతులు రెండూ గాలిలో, ఘటానికి జానెడు దూరంలో గిలగిల్లాడుతున్నాయి గానీ తాకడం లేదు. తాకడు, చచ్చినా తాకడు. ఫోన్లో విన్న లెక్కకి ఇంకా ఆరు దెబ్బలు పట్టాలి. ఇప్పుడు దింపితే పాట తప్పు. దింపకపోతే? త్రిమూర్తులు గురువు వైపు చూశాడు. పెద్దాయన శ్రుతి ఊదుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం లోవరాజు పాదం మీద ఉన్నాయి. త్రిమూర్తులూ ఆ పాదాన్నే చూశాడు, ఆ రోజుకి మొదటిసారి. చూసి, స్వరాన్ని దించేశాడు.

పాదం నేలకి ఆనింది. ఘటం ఊగి ఊగి నిలబడింది.

వీధి చివర పీటమీద గరగ దించాక లోవరాజు ఒగరుస్తూ వచ్చాడు. "ఒరే తిమ్మూర్తులూ! నన్ను చంపేద్దామనుకున్నావేంట్రా? నా ఇంటిని మూడు తరాలకి ముంచేసేవాడివి గదరా! ఆ సాగదీత ఎక్కడిదిరా నీకు?"

త్రిమూర్తులు సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా మనసులో మాట ఆగలేదు. "నిరుడు... మేష్టారు అక్కడే అలాగే పట్టారు కదండి."

బుల్లెంకన్న గారు మూతి తుడుచుకున్నాడు. "నిరుడు అక్కడ నీళ్ళగొట్టాం కోసం రోడ్డు తవ్వేశారు. గోతిమీద పలక వేశారు. ఎత్తిన కాలు గాల్లోనే ఆ పలక వెతుక్కునేదాకా పట్టాను."

"ఫోన్లో అది..."

"ఫోన్లో నా ఊపిరి పడింది. గొయ్యి పడలేదు."

లోవరాజు కోపం మరిచి పకాల్న నవ్వాడు. త్రిమూర్తులికి నవ్వు రాలేదు. సన్నాయి రెండు చేతులా గురువు ముందు పెట్టాడు. బుల్లెంకన్న గారు దాన్ని ముట్టుకోలేదు. డోలు మళ్ళీ మొదలైంది. లోవరాజు గరగ నెత్తికెత్తుకుని నిలబడ్డాడు. ఇంకా నాలుగు వీధులున్నాయి.

"ఇప్పుడేం వాయించమంటారండి మేష్టారూ?" అన్నాడు త్రిమూర్తులు.

ఈసారి పెద్దాయన ఊఁ అనలేదు. శ్రుతి సన్నాయి నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు.

"నన్నడుగుతావేంట్రా? గరగ నా నెత్తిమీద ఉందా?"