ట్రౌట్ చేప నోట పెట్టుకొని అడిగే ప్రశ్న

ఒకప్పుడు ట్రౌట్ చేపలు ఏ పురుగునైనా ముందు పేరడిగి, ఆ తరువాతే నోట పెట్టుకొనేవి. ఆ రోజుల్లో, మంచుకొండల నడుమ, మబ్బులు దిగివచ్చి నీళ్ళు తాగిపోయేంత ఎత్తున ఒక జలాశయం ఉండేది. నడివేసవిలో కూడా దానిలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేవి. ఆ చల్లని నీటిలో వెండిమాంబ అనే ముసలి ట్రౌట్ చేప నివసించేది.

వెండిమాంబది పేరున్న వంశం. ఆమె ముత్తవ్వ ముత్యమాంబ. కొండవాగుకు అడ్డంగా ఆనకట్ట లేచి, ఎటు చూసినా కొత్తనీరు కమ్ముకొన్ననాడు, దారితప్పిన పిల్లలందరినీ తన తోక వెంట నడిపించి లోతునీటికి చేర్చిన తల్లి ఆమె. ముత్యమాంబ కొడుకు గండప్ప. వానలు లేని ఏడు, కడుపుతో ఇసుకను తవ్వి, మడుగు నుండి మడుగుకు కాలువ తీసి, మూడువందల ప్రాణాలను కాపాడినవాడు. గండప్ప కూతురు చలిమాంబ. జలాశయమంతా మంచు పలక పరుచుకొన్నప్పుడు కూడా గడ్డకట్టని ఊట ఒకటి అడుగున ఉన్నదని కనిపెట్టి, పదిమందికీ చూపించిన పుణ్యాత్మురాలు. ఆమె కన్నకూతురే మన వెండిమాంబ.

పురుగును పేరడిగే నియమం ముత్యమాంబ పెట్టినదే. కొత్తనీరు వచ్చిన రోజుల్లో పుల్లలూ, పీచూ, దూదిపింజలూ నీటి మీద పురుగుల్లాగే తేలివచ్చేవి. వాటిని మింగి చాలా చేపలు చనిపోయాయి. అప్పుడు ముత్యమాంబ అందరినీ పిలిచి చెప్పింది.

"తినేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరివి నువ్వు? ఎక్కడినుండి వచ్చావు? ఎక్కడికి పోతున్నావు? ప్రాణమున్నదైతే బదులు చెబుతుంది. చెత్త అయితే చెప్పదు."

ఆ కాలంలో అది చక్కగా సాగింది. నీట మునిగిన చెట్ల కొమ్మలు పైకి నిలిచి నీడ పరిచేవి. నీటిలోంచి అప్పుడే పైకి వచ్చిన పురుగుల తడిరెక్కలు ఆ నీడలో త్వరగా ఆరేవి కావు. మూడు ప్రశ్నలకూ బదులు చెప్పేదాకా అవి నీటి మీదనే కూర్చొనేవి.

తరువాత ఆ చెట్లు కుళ్ళి కూలిపోయాయి. ఎండా గాలీ నీటి మీద నేరుగా పడసాగాయి. మొదటి ప్రశ్నకు పురుగు బదులు చెప్పేది. రెండో ప్రశ్నకు రెక్కలు విదిలించేది. మూడో ప్రశ్నకు ఆకాశంలో ఉండేది.

చేపలు చిక్కిపోయాయి. అయినా నియమం నియమమే అనేది వెండిమాంబ. పేరడగకుండా నోట పెట్టుకొన్న చేపకు చలికాలంలో ఊట దగ్గర చోటు లేదని కట్టడి చేసింది కూడా ఆమే.

ఆమెకు ఒక్కతే కూతురు. అమ్మ మాట జవదాటేది కాదు. ఏ పురుగునైనా మూడు ప్రశ్నలూ అడిగేది. పోయిన చలికాలం మంచు కరిగేనాటికి ఆ కూతురు లేదు. మిగిలినది ఆమె బిడ్డ, మిణుకు.

ఆ ఏడు చలి తొందరపడింది. ఒక ఉదయం అడవిబాతులు గుంపుగా జలాశయం మీద వాలాయి.

"ఏమమ్మా, ఇంత త్వరగా బయలుదేరారు?" అని అడిగింది వెండిమాంబ.

"ఉత్తరాన చెరువులన్నీ గడ్డకట్టేశాయి పెద్దమ్మా. నీకింక పదిరోజులే గడువు. పిల్లలకు ఒంట్లో ఇంత కొవ్వు పట్టించు" అని చెప్పి, నాలుగు గుటకలు నీళ్ళు తాగి ఎగిరిపోయాయి.

వెండిమాంబ మిణుకు వైపు చూసింది. పొలుసుల కింద ఎముకలు వరుసగా తెలుస్తున్నాయి. మంచు పడితే ఐదు నెలలు పురుగన్నది కంటబడదు. ఒంట్లో కొవ్వు లేని పిల్ల వసంతం చూడదు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఈ రోజు ఎన్ని తిన్నావే?"

"ఒకటి, అమ్మమ్మా. అది కూడా కుంటిది. ఎగరలేకపోయింది."

"మిగతావి?"

"అన్నీ బదులు చెప్పాయి. మర్యాదగానే చెప్పాయి. చెప్పి వెళ్ళిపోయాయి."

పక్కనే తిరుగుతున్న కెంపయ్య పకపకా నవ్వాడు. కెంపయ్య సాల్మన్ చేప. గుమ్మడికాయలా నిగనిగలాడుతూ ఉండేవాడు. కనబడినదల్లా గుటుక్కున మింగడమే అతని పద్ధతి.

"అత్తా, మూడు ప్రశ్నలతో సరిపెట్టారేం? గోత్రమూ, జన్మనక్షత్రమూ కూడా అడిగి, ముహూర్తం చూసుకొని తినండి!"

"నోరు మూసుకో అబ్బాయీ. మా ఇంటి పద్ధతి మాది."

"నేను నోరు తెరిచినందుకే లావెక్కాను. మీరు మూసుకొన్నందుకే పిల్ల పీచులా అయింది" అని తోక ఊపుకొంటూ పోయాడు.

ఆ మాట వెండిమాంబకు ముల్లులా గుచ్చుకొంది.

మరునాడు ఒడ్డున సింగన్న అనే గాలపువాడు దిగాడు. తలపాగా నిండా ఈకల ముక్కలు, చేతిలో సన్నని పొడుగాటి గాలపుకర్ర. ఆ కర్రను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే దారం గాలిలో పాములా వంకర్లు తిరిగి, నీటి మీద మెత్తగా వాలేది. దాని కొసన ఒక పురుగు. కోడి ఈక, పట్టుదారం, కాస్త మైనం కలిపి గాలపుముల్లు చుట్టూ సింగన్న స్వయంగా కట్టిన పురుగు అది. దూరం నుండి చూస్తే పురుగును కన్న తల్లికి కూడా తేడా తెలియదు.

ఒడ్డున పొయ్యి రాజేసుకొని అతని భార్య పైడమ్మ కూర్చొంది.

"ఏమయ్యా, ఆ నీళ్ళు నీకేం అపకారం చేశాయని పొద్దున్నుంచీ కొరడాతో బాదుతున్నావు?"

"ఉండవే! ఇది బాదడం కాదు, పిలవడం."

"నువ్వు పిలిస్తే ఇంట్లో పిల్లి కూడా పలకదు. చేప పలుకుతుందా? ఇక్కడ చింతపండు నానిపోతోంది."

ఆ మాట నోట ఉండగానే కెంపయ్య పైకి లేచాడు, ఈకపురుగును గుటుక్కున మింగాడు. మరుక్షణం అతని ఒళ్ళంతా విల్లులా వంగింది. "అత్తా!" అని ఒక్క కేక వినబడింది. నీరు చిందింది. తరువాత ఆ చోట ఏమీ లేదు.

ట్రౌట్ చేపలన్నీ రాళ్ళ కిందికి దూరాయి. మిణుకు అమ్మమ్మ పొట్ట కింద నక్కింది.

"చూశావా? అడగకుండా తింటే ఏమవుతుందో చూశావా?" అంది వెండిమాంబ. కాని గెలిచిన సంతోషం ఆమె మనసులో లేదు. అడగకుండా తింటే గాలం. అడిగి తింటే ఆకలి. రెంటిలో దేనికి అప్పగించాలి ఈ పసిదాన్ని?

ఐదు రోజులు గడిచాయి. సింగన్న రోజూ వచ్చాడు. నీటి అంచులలో తెల్లవారేసరికి అద్దపుముక్కల్లాంటి మంచు కనబడసాగింది. మిణుకు నీటికి ఎదురీదలేక రాళ్ళకు తగులుతూ ఉంది. వెండిమాంబ తనకు దొరికిన ఒకటి రెండు నత్తలనూ ఆ పిల్ల ముందే పెట్టేది. అవి ఏ మూలకు?

ఆరోనాడు మధ్యాహ్నం నీటి ఈగలు కుప్పలుగా పైకి లేచాయి. ఆ ఏటికి అదే చివరి మంద. నీటి మీద నిజం పురుగులూ, వాటి నడుమ సింగన్న ఈకపురుగూ. మిణుకు ఆగలేకపోయింది. బాణంలా పైకి పోయి ఒకదాన్ని నోట పట్టుకొంది.

కింది నుండి చూస్తున్న వెండిమాంబకు దాని పొట్ట కింద ముల్లు మెరవడం కనబడింది. అది ఈకపురుగు.

"మిణుకూ!"

కాని మిణుకు దాన్ని మింగలేదు. పుట్టింది మొదలు నేర్చుకొన్న పద్ధతి ఎక్కడికి పోతుంది? నోటినిండా పురుగు పెట్టుకొనే అడిగింది: "ఎవరివి నువ్వు?"

బదులు లేదు. కాళ్ళ కదలిక లేదు. నాలుకకు మైనమూ దారమూ తగిలాయి. మిణుకు 'తూ' అని ఉమ్మేసింది. సరిగ్గా అప్పుడే సింగన్న కర్రను గుంజాడు. ఆలస్యమైంది. దారం ఉత్తినే వెనక్కు ఎగిరింది.

పిల్ల తల వంచుకొని అమ్మమ్మ ముందుకు వచ్చింది. "తప్పు చేశాను. నోట పెట్టుకొన్న తరువాత అడిగాను."

చేపలన్నీ చుట్టూ మూగాయి. జాలప్ప అనే పెద్ద చేప మెల్లగా దగ్గాడు. "వదినా, కట్టడి చేసింది నువ్వే. అడగకుండా నోట పెట్టినవాళ్ళకు ఊట దగ్గర చోటు లేదు గదా?"

ఊట దగ్గర చోటు లేకపోతే మంచు పడ్డాక ఏ చేపా బతకదు. అది అందరికీ తెలుసు. అందరూ వెండిమాంబ నోటివైపే చూస్తున్నారు. ఆమె మిణుకు ఎముకలవైపు చూసింది. అడిగి అడిగి చిక్కిపోయిన కూతురు కళ్ళ ముందు మెదిలింది.

ఆమె పైకి లేచింది. అందరూ చూస్తుండగా ఒక పురుగును అడగకుండానే నోట పట్టింది. "ఎవరివి?" అంది. నాలుక మీద ఆరు కాళ్ళూ తన్నుకొన్నాయి. మింగింది.

ఇంకొకదాన్ని పట్టింది. "ఎవరివి?" ఉలుకూ పలుకూ లేదు. ఉమ్మేసింది. ముల్లు కొస పెదవిని గీరుతూ బయటికి పోయింది. సింగన్న విసురుగా గుంజిన దారం పోయి పైడమ్మ కొప్పులో చిక్కుకొంది.

"అయ్యో, చేపలు అయిపోయి నన్ను పట్టావా!" అని ఆమె పెట్టిన కేకకు కొండ మారుపలికింది.

వెండిమాంబ కిందికి వచ్చింది. పెదవి నుండి సన్నని నెత్తురు దారం నీటిలోకి సాగుతోంది.

"మా ముత్తవ్వ పెట్టిన నియమాన్ని నేను మారుస్తున్నాను. మూడు ప్రశ్నలు వద్దు, ఒక్కటి చాలు. నోట పెట్టుకొనే అడగండి. మింగేలోపు అడగండి. ఇది తప్పైతే, జాలప్పా, ఊట దగ్గర చోటు లేనిది ముందు నాకు."

జాలప్ప ఆ పెదవి వంక చూశాడు. తరువాత పైకి పోయి ఒక పురుగును నోట పట్టుకొన్నాడు.

ఆ పూటా, మిగిలిన నాలుగు రోజులూ, నీటి ఉపరితలం వాన పడుతున్నట్లు చిటపటలాడింది. పదో రోజు మంచు పలక మూసుకొంది. ఊట దగ్గర అందరూ ఒదిగి కూర్చొన్నారు. వెండిమాంబ ఆ ఐదు నెలలూ మిణుకు మొప్పల ఊపిరిని లెక్కపెట్టుకొంటూనే ఉంది. మంచు కరిగినరోజు అందరికంటే ముందు పైకి ఎగిరినది మిణుకు.

ఆ తరువాత వెండిమాంబ మూడు వేసవులు బతికింది. మిణుకుకు ఆమె ఇచ్చిపోయినవి ఇవి: గడ్డకట్టని ఊట ఉన్న చోటు, ముత్యమాంబ, గండప్ప, చలిమాంబ అనే మూడు పేర్లు, ఒక్క ప్రశ్న. మిణుకు వాటిని తన పిల్లలకు ఇచ్చింది.

అప్పటినుంచే ట్రౌట్ చేప పురుగును ముందు నోట పెట్టుకొని, తరువాత అడుగుతుంది. బదులు రాకపోతే రెప్పపాటులో ఉమ్మేస్తుంది. ఒడ్డున గాలపుకర్ర పట్టినవాడు రెప్ప వేయడానికి కూడా భయపడుతూ నిలబడేది అందుకే.