రాజుగారి మోకాలికి మూడు పులులు

మేడిగిరి రాజు తిమ్మభూపాలుడు ఒకనాడు కొలువులో చిత్రమైన ఆజ్ఞ వేశాడు.

"మా మోకాలి నొప్పి నలభై రోజుల్లో తగ్గాలి. మేము అడుగు తీసి అడుగు వెయ్యం. సున్నుండలు మానం. ఎలా తగ్గిస్తారో మీరే తేల్చుకోండి."

కొలువంతా గోడల వైపు చూసింది. పల్లకీ పక్కన నిలబడ్డ పెద్దబోయీ గంగులు మాత్రం తన మోకాలు నిమురుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా రాజవంశాన్ని మోసిన మోకాలది. దానికీ నొప్పే. కాకపోతే బోయీ మోకాలి గురించి కొలువులో చర్చలు జరగవు.

ఏడాది కిందట రాజుగారి మోకాలు కలుక్కుమన్నప్పుడు ఆస్థాన వైద్యుడు శ్రీపతి పండితుడు సంపూర్ణ విశ్రాంతి అన్నాడు. అప్పట్నుంచి మంచం దగ్గర్నుంచి భోజనశాలకు కూడా పల్లకీయే. ఎముకకు బలమని పూటకు నాలుగు నేతి సున్నుండలు. తీరా చూస్తే ఆరుగురు మోసే పల్లకీకి పన్నెండుగురు కావలసివచ్చారు గానీ, మోకాలు మూలగడం మానలేదు. పండితుడి సంగతి వేరు. ఆయన రోజూ తెల్లవారగానే కోట చుట్టూ మూడుసార్లు తిరిగి, చెమట ఆరాక వచ్చి, రాజుగారికి కదలవద్దని చెప్పేవాడు.

ఆవేళ కూడా ఆయనే ముందు లేచాడు.

"ప్రభూ, మందులో లోపం లేదు. లోపమల్లా బోయీల నడకలో ఉంది. వీళ్ళ కుదుపులకు తమ కీళ్ళు అదిరిపోతున్నాయి."

రాజుకు సబబుగానే తోచింది. "అయితే నలభై రోజులు చూస్తాం. తగ్గకపోతే ఈ పన్నెండుగురూ కోట విడిచి పోవాలి" అన్నాడు.

గంగులుకు పన్నెండిళ్ళ పొయ్యిలు కళ్ళముందు మెదిలాయి. పల్లకీ తప్ప వేరే విద్య ఎరగని మనుషులు వాళ్ళు. అయినా మాట తడబడనివ్వలేదు.

"దొరా, కుదుపు మాదన్నారు కాబట్టి వైద్యమూ మాకే వదిలెయ్యండి. తమర్ని నడవమని ఒక్కసారి కూడా అడగను. పొద్దున్నే పులి-మేక ఆటకు మాత్రం నేను మోసుకెళ్ళిన చోటికి రావాలి."

పులి-మేక అంటే రాజు అన్నం కూడా మరిచిపోతాడు. సరేనన్నాడు.

మర్నాడు పల్లకీ ఉద్యానవనంలోని కొలను గట్టున దిగింది. నడుం లోతు నీళ్ళలో గుంజలు పాతి, తాళ్ళతో ఆట గీతలు కట్టి ఉన్నాయి. తేలికపాటి పొణికి కర్రతో చెక్కిన మూడు పులులు నీటి మీద తేలుతున్నాయి. పదిహేను కర్ర మేకలు గట్టున కాచుకుని ఉన్నాయి. ఏరు దాటేటప్పుడల్లా గంగులు గమనించిన ముచ్చట ఒకటుంది: నడుం లోతు నీళ్ళలో మోకాలు నొప్పి ఊసెత్తదు. గట్టెక్కితే మళ్ళీ మొదలు. అతనికి తెలిసిన వైద్యమంతా అదే.

"ఆ పులిని కాస్త ఇటు జరుపు" అన్నాడు రాజు గట్టు మీంచి.

"అపచారం దొరా. పులిని ముట్టే చెయ్యి నాకెక్కడిది?"

పులి మేడిగిరి రాజముద్ర. ఆటకు పెట్టాక పులికాయను రాజు తప్ప మరొకరు తాకకూడదన్నది తాతలనాటి కట్టుబాటు. రాజు గొణుక్కుంటూ, ఇద్దరు బోయీల భుజాలు పట్టుకుని నీళ్ళలో దిగాడు. మోకాలు కిక్కురుమనలేదు.

గంగులు ఇటు మూల ఒక మేకను బలి ఇచ్చేవాడు, మరుక్షణం అటు మూల ఇంకో మేకతో కవ్వించేవాడు. వెనకటి రాజులు యుద్ధాల్లో తిరిగారో లేదో గానీ, తిమ్మభూపాలుడు మాత్రం మేకల కోసం కొలనంతా తిరిగాడు. మొదట్లో ఒక్క ఆటకే ఆయాసపడేవాడు. పదోనాటికి మూడాటలయ్యాయి. సున్నుండల పళ్ళెం గట్టునే ఉండేది, తడిచేత్తో ముట్టుకుంటే పిండైపోతుందని అటు చూసేవాడు కాదు. పండితుడు వచ్చి, జలక్రీడ రాజలక్షణమేనని తల ఊపి పోయాడు.

నలభయ్యోనాడు పల్లకీతో ఎనిమిది మందే కొలువులోకి వచ్చారు.

"తక్కిన నలుగురూ ఏరీ?" పండితుడు గద్దించాడు.

"వాళ్ళు మొయ్యడానికి దొరగారిలో ఏమీ మిగల్లేదండి" అన్నాడు గంగులు.

రాజు పల్లకీ దిగి, చేతికర్ర ఊతంతో సింహాసనం దాకా నడిచి వెళ్ళాడు. నొప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. అయినా ఏడాది తర్వాత తన కాళ్ళమీద తాను నడిచిన ఆనందం ఆయన మొహంలో దాగలేదు.

పండితుడు చటుక్కున ముందుకొచ్చాడు. "చూశారా ప్రభూ, విశ్రాంతి మహిమ. ఏడాది పట్టింది గానీ పనిచేసింది. ఈ సేవకుడి కాలికి ఒక గండపెండేరం..."

"వేయించండి దొరా" అన్నాడు గంగులు వెంటనే. "అంతటి వైద్యం వైద్యుడికీ దక్కాలి. రేపట్నుంచి ఏడాది పాటు పండితుల వారిని మేమే మోస్తాం. కాలు కింద పెట్టనివ్వం. పూటకు నాలుగు సున్నుండలు."

పండితుడు ఉలిక్కిపడ్డాడు.

"ఏడాది కదలకుండా కూర్చుంటే నా మోకాళ్ళు బిగుసుకుపోవూ?"

గంగులు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఆ మాటే దొరగారికి పోయినేడు చెప్పి ఉంటే, మా భుజాలు బతికేవి స్వామీ."

ముందు రాజే నవ్వాడు. తర్వాత కొలువంతా నవ్వింది. గండపెండేరం గంగులు ముందుకు వచ్చింది.

"నా కాలికి ఉన్న బరువు చాలు దొరా. ఆ నలుగురికీ కొలను కాపలా ఇప్పించండి" అన్నాడతను.

"ఇచ్చాం. పెండేరం మీ ఆవిడకు ఇయ్యి, కడియాలు చేయించుకుంటుంది" అన్నాడు రాజు. పండితుడి వైపు తిరిగి, "రేపట్నుంచి మేకల తరఫున మీరే దిగండి పండితా. మా పులులకు బాగా ఆకలిగా ఉంది" అన్నాడు.