రాజుగారి బదులు నడక

ఒక రాజ్యంలో ప్రతి పనికీ బదులు మనిషి ఉండేవాడు.

ఏకాదశి వస్తే ఇంటి పెద్దాయన శుభ్రంగా భోంచేసి, తన బదులు ఒకణ్ణి పస్తు పెట్టేవాడు. కొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్న ఇల్లాలు చెట్టు నీడన కూర్చునేది, మోకాళ్ళు మాత్రం ఇంకొకావిడవి చెక్కుకుపోయేవి. చావింట్లో ఏడవడానికి కూడా మనుషులు ఉండేవాళ్ళు, బాగా ఏడుస్తారని పేరున్నవాళ్ళు. ఇందులో మోసం ఉందని ఎవరికీ తోచలేదు. పని ఎవరు చేసినా ఫలం తన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేస్తుందని అందరి నమ్మకం. తాతల నాటి నుంచీ అలాగే జరుగుతోంది మరి.

ఒక్కదానికి మాత్రం బదులు లేదు. ఏరువాక పున్నమి నాడు రాజు తన చేత్తో నాగలి పట్టి, కోట బయటి పొలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తొలి చాలు దున్నాలి. అది పూర్తయ్యాకే రాజ్యంలో తక్కిన నాగళ్ళు భూమిలో దిగుతాయి. సగంలో ఆగిపోయాడా, కిరీటం తీసి గట్టు మీద పెట్టి వెళ్ళిపోవాలి. కొత్త రాజు వచ్చేదాకా ఎవరూ విత్తు వెయ్యకూడదు. ఈలోగా తొలకరి పదును ఆరిపోతే ఆ ఏడు ఎవరి గాదెలోనూ గింజ ఉండదు.

కిందటేడు ఏం జరిగిందో కోటలో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. పొలం నడిమికి వచ్చేసరికి రాజు ఆయాసంతో నిలబడిపోయాడు. ఆ రొప్పు వినపడకుండా వెంటనే డప్పులు గట్టిగా మోగించారు. ఎండ తగులుతోంది అంటూ చుట్టూ తెర పట్టారు. తెర లోపల నాగలి మేడి ఎవరు పట్టారో ఆ దేవుడికే తెలియాలి. మొత్తానికి చాలు పూర్తయింది. ఈ ఏడు రైతులు కోటకు వచ్చి, చేతులు కట్టుకుని, ఈసారి తెర లేకుండా తమరిని కళ్ళారా చూసుకుంటాం ప్రభూ అని అడిగారు. అంత వినయంగా అడిగితే కాదనడం ఎలా? రాజు సరేనన్నాడు.

అన్నాడే గానీ, అప్పట్నుంచి ఆయనకి కుదురు లేదు. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే కాళ్ళు నీరు పడతాయి, లేస్తే మోకాళ్ళు మొరాయిస్తాయి. వేలి ఉంగరం వేలిలోనే ఇరుక్కుపోయింది. ఊరికే కిటికీ దగ్గరికి వెళ్ళి పొలం వైపు చూసేవాడు, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు. ఆ గట్టు రోజురోజుకీ దూరం జరుగుతున్నట్టు కనిపించేది. చిన్నప్పుడు తన తండ్రి అదే చాలు పాట పాడుకుంటూ దున్నడం చూశాడు. అది గుర్తొస్తే సిగ్గుతో తల ఎత్తలేకపోయేవాడు. తన ఒక్కడి కాళ్ళ వల్ల రాజ్యమంతా పస్తుంటుందేమోనని భయం కూడా పట్టుకుంది.

ఉగాది వెళ్ళగానే వైద్యుణ్ణి పిలిపించాడు. వైద్యుడు నాడి చూసి, నాలుక చూసి, పాదం మీద వేలితో నొక్కి ఆ గుంట పూడేదాకా ఆగాడు. తెల్లవారుజామున కోట చుట్టూ నడవమన్నాడు. పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం పప్పూ ఆకుకూరా, పొద్దుగూకే లోపే రాత్రి భోజనం అన్నాడు. ఇంకో ముద్ద పడుతుంది అనిపించినప్పుడే విస్తరి ముందు నుంచి లేవమన్నాడు. లేహ్యం పేరేదో చెబుతాడని రాజు ఎదురు చూస్తూ ఉన్నాడు. వైద్యుడు సంచీ సర్దుకుంటున్నాడు.

"ఇంతేనా?" అన్నాడు రాజు.

"ఇంతే ప్రభూ. కాకపోతే రోజూ."

రోజూ అన్న ఆ చిన్న మాట దగ్గరే రాజుకు చిక్కొచ్చింది. ఒక్క రోజు అయితే ఆయన కొండనైనా ఎక్కేవాడు. బాగా ఆలోచించి, ఆ రాజ్యంలో ఎవరైనా చేసే పనే చేశాడు. నడవడానికీ అంబలి తాగడానికీ తన బదులు బావమరిదిని పెట్టాడు. ఇద్దరిదీ ఒకటే ఒళ్ళు, ఒకటే పొట్ట. అందువల్ల ఫలం తేడా లేకుండా తనకు అతుకుతుందని ఆయన లెక్క.

రోజూ పొద్దెక్కాక బావమరిది వచ్చి, మన నడక అయిపోయింది బావగారూ అని చెప్పేవాడు. వినగానే రాజు హమ్మయ్య అని కాళ్ళు చాపేవాడు. అంత నడిచిన కాళ్ళు కదా, ఇద్దరు కూర్చుని పిసికేవాళ్ళు. నడిస్తే ఆకలేస్తుంది, అది సహజం, కాబట్టి గారెలు ఇంకో పళ్ళెం వచ్చేవి. అంబలి తాగి తాగి నోరు చప్పబడి ఉంటుంది కాబట్టి పూర్ణాల మీద నెయ్యి ధారగా పడేది. నవ్వకండి. ఒక పూట పస్తుండి రెండో పూట రెండు పూటలదీ లాగించే మనమేం తక్కువ తినలేదు.

ఎండలు ముదిరాయి. రాజుగారి బంగారు మొలతాడు కంసాలి దగ్గరికి వెళ్ళి పెద్దదై తిరిగొచ్చింది. ఆయాసం మాత్రం అలాగే ఉంది, ఇంకాస్త పెరిగింది కూడా. ఒక తెల్లవారుజామున ఆకాశంలో మొదటి మబ్బు కనిపించింది. ఏరువాక వచ్చేస్తోంది. రోజూ నడక జరుగుతోంది కదా, మరి అది నా దాకా ఎందుకు రావడం లేదు అనుకున్నాడు. దారిలో ఎవరో కాజేస్తున్నారని అనుమానం వచ్చింది. కోపం మీద ఎవరినీ పిలవకుండా, పల్లకీ అడగకుండా, చెప్పులేసుకుని బయల్దేరాడు.

పక్క మేడలో బావమరిది గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. తట్టి లేపితే నిజం చెప్పేశాడు. మోకాళ్ళ నొప్పులతో పడలేక ఆ పని గుర్రపుశాల పెద్దకు అప్పగించాడట. రాజు గుర్రపుశాలకు నడిచాడు. మధ్యలో నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ లేచాడు. శాల పెద్ద తాను పుట్టాక గుర్రం మీదే గానీ నేల మీద తిరిగింది తక్కువ అని చెప్పి, తూర్పు గుమ్మం కావలివాడి పేరు చెప్పాడు. రాజు తూర్పు గుమ్మానికి నడిచాడు. కావలివాడు, కాపలా వదిలి కదిలితే తల పోతుంది కదా ప్రభూ అన్నాడు. ఆకుకూరల అవ్వ ఎలాగూ రోజూ కోట చుట్టూ తిరుగుతుంది గనక, ఆవిడ నడకే రాజుగారి నడక అనుకున్నాడట. అంబలి ముంత కూడా ఆవిడకే ఇస్తున్నాడట.

సరిగ్గా అప్పుడే అవ్వ నెత్తిన గంపతో వచ్చింది. రాజు ఎదురెళ్ళి, ఇన్నాళ్ళూ తన బదులు నడుస్తున్నది నువ్వేనా అని అడిగాడు.

"మీ బదులా దొరా? నాకెవరూ చెప్పలేదే," అంది అవ్వ. "ఆ కావలాయన ముంత ఇచ్చాడు, తాగాను. ఉప్పు తక్కువైంది."

అని ఆగకుండా నడిచింది. ఆగితే ఆవిడకి కుదరదు. గుమ్మం గుమ్మానికీ ఆడవాళ్ళు పొయ్యి వెలిగించుకుని కూర్చుంటారు. ఎండ ముదిరితే తోటకూర వడిలిపోతుంది. రాజుకు ఇంకా అడగాల్సింది ఉంది, అందుకని పక్కనే నడిచాడు. దక్షిణం గుమ్మం వచ్చేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. అక్కడ, ఆగి ఆగి, అసలు మాట అడిగేశాడు.

"అవ్వా, ఏరువాక నాటికి నేను ఆ గట్టు దాకా వెళ్ళగలనా?"

అవతల ఎవరో పాలకూర అడుగుతున్నారు. పడమటి గుమ్మం దగ్గర చెబుతానులే దొరా అని అవ్వ గంప దించింది. పడమటి గుమ్మం దాకా పోవడం రాజు వల్ల కాలేదు. అక్కడే రాతి మీద చతికిలబడిపోయాడు, పల్లకీ వచ్చి తీసుకెళ్ళింది.

మర్నాడు ఆ జవాబు కోసం మళ్ళీ వచ్చాడు. పడమటి గుమ్మం కనిపించింది గానీ అందలేదు. ఆ మర్నాడూ వచ్చాడు. జవాబు లేకుండా ఆయనకి నిద్ర పట్టదు, అదీ అసలు బాధ. అవ్వ తెల్లారకముందే వచ్చి వెళ్ళిపోతుంది కాబట్టి ఆయనా ముందే లేవాలి. ముందే లేవాలంటే పెందలాడే తిని పడుకోవాలి. రాత్రి పూర్ణాలు లాగించిన మర్నాడు గంప ముందుకీ తాను వెనక్కీ అయిపోవడం ఆయనే గమనించి, పూర్ణాల పళ్ళెం పక్కకి నెట్టాడు. వంటవాడు మొహం మాడ్చుకున్నాడు.

ఒక రోజు ఎలాగో పడమటి గుమ్మం చేరాడు. అవ్వ గోడ నీడన కూర్చుని మూట విప్పింది. జొన్నరొట్టె, ఉల్లిపాయ, కాస్త పచ్చడి. రాజు కడుపులో ఏదో మెలిపెట్టినట్టయింది. రోగం ముదిరిందనుకుని హడలిపోయాడు. అవ్వ ఆయన మొహం చూసి, ఆకలేస్తోంది దొరా అంది, సగం రొట్టె తుంచి చేతిలో పెట్టింది. ఆయనకి ఆకలి వేసి ఎన్నేళ్ళయిందో. ఆ రొట్టె ముక్క నములుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జవాబు అడగడం ఆ పూట మర్చిపోయాడు.

తర్వాత ఉత్తరం గుమ్మం దాకా వెళ్ళాడు. ఏరువాక ఇంక దగ్గర పడిందనగా, కోట మొత్తం చుట్టి అవ్వతో పాటే తూర్పు గుమ్మానికి తిరిగొచ్చాడు. వస్తూనే, ఇప్పటికైనా చెప్పు అవ్వా అని గట్టిగా పట్టుకున్నాడు.

అవ్వ ఖాళీ గంప దులుపుకుంటూ బుర్ర గోక్కుంది.

"ఏం అడిగారు దొరా? మర్చిపోయాను."

ఏరువాక పున్నమి వచ్చింది. పొలం చుట్టూ గట్ల మీద జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. తెర లేదు. రాజు మేడి పట్టి ఎడ్లను అదిలించాడు. పొలం నడిమికి, కిందటేడు ఆగిన చోటికి వచ్చేసరికి ఊపిరి ఎగదన్నింది. అలవాటు కొద్దీ డప్పులు అందుకున్నాయి. రాజు చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. ఆయన రొప్పు పొలమంతా వినపడింది. సిగ్గుపడకుండా, అందరూ వింటుండగా అలాగే నిలబడి రొప్పాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. ఎడ్లను మళ్ళీ అదిలించాడు. చాలు వంకర టింకరగా పోయింది, మధ్యలో మరోసారి ఆగాల్సి వచ్చింది, పొద్దు నడినెత్తికి ఎక్కింది. కానీ ఆ గట్టు చేరింది. గట్టు మన్ను చేత్తో తాకి రాజు భోరున ఏడ్చాడు. రైతులు ఎవరూ జేజేలు కొట్టలేదు. పదును పోకముందే దున్నాలని తలోవైపు నాగళ్ళు తోలుకుంటూ పరుగెత్తారు.

కోటలో మాత్రం ఆ రాత్రి పెద్ద విందు జరిగింది. రాజు పొద్దుండగానే తిని పడుకున్నాడు గనక ఆ సంగతి ఆయనకి తెలియదు.

మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే చెప్పులేసుకుని బయటికొచ్చాడు. వీధి వీధంతా మేలుకుని ఉంది. మంత్రీ, సేనాపతీ, గుర్రపుశాల పెద్దా, వాళ్ళ వాళ్ళ ఇంటి అరుగుల మీద దిళ్ళు వేసుకుని కూర్చున్నారు. పక్కన గారెల పళ్ళేలు ఉన్నాయి. డప్పులవాళ్ళు వీధి మొదట సిద్ధంగా నిలబడ్డారు. ఇంతమందీ తనతో నడవడానికి వచ్చారని రాజు పొంగిపోయాడు. అందరికన్నా ముందు అరుగు మీద బావమరిది ఉన్నాడు, అతని కాళ్ళు ఇద్దరు పిసుకుతున్నారు.

"బావగారూ," అన్నాడు ప్రేమగా, "ఇవాళ ఇంకో చుట్టు ఎక్కువ నడవండి. నిన్న విందులో మేమంతా కాస్త ఎక్కువ తిన్నాం."

రాజుకు ముందు అర్థం కాలేదు. తన నడకే వాళ్ళందరి బదులు నడక అని తర్వాత తెలిసింది. డప్పులు మోగాయి. రాజు నడుస్తుంటే గౌరవంగా లేచి నిలబడాలి కాబట్టి, అరుగుల మీది వాళ్ళంతా చేతులు ఆనించి, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని లేచారు.

రాజు చెయ్యెత్తాడు. డప్పులు ఆగిపోయాయి.

వీధంతా ఒకటే రొప్పు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ప్రతి అరుగు మీదా, ఊరికే లేచి నిలబడినందుకే. ఆ చప్పుడు రాజుకు బాగా తెలుసు. పొలం నడుమ డప్పులు ఆగినప్పుడు విన్నది అదే. ఆయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ నిలబడ్డాడు, వాళ్ళకీ వినపడుతోంది కదా అని. తూర్పు గుమ్మం అవతల అవ్వ తోటకూరా అని కేక వేస్తూ దూరమవుతోంది.

వాళ్ళకీ వినపడింది. అయ్యో పాపం, ఈయనకి ఆయాసం మరీ ఎక్కువైందే అనుకుంటూ, ఎవరికి వాళ్ళు పక్క అరుగు వైపు జాలిగా చూశారు.