ఫినోలా ఆవు అప్పగింత

వెనకటికి ఐర్లండులో టర్లో అనే ప్రభువు ఇంగ్లండు రాజు ముందు మోకరిల్లి తన భూములన్నీ అప్పగించాడు. రాజు వాటినే తిరిగి ఇచ్చేసి, పైగా ఓ బిరుదు కూడా తగిలించాడు. ఆ సంబరపు విందులో కోయడానికి పేదరాలు ఫినోలా ఆవును తెమ్మన్నాడు ప్రభువు. ఆమె బతుకంతా ఆ ఒక్క ఆవు పాలమీదే.

ఫినోలా తనే ఆవును విందుకు తోలుకొచ్చి, మోకరిల్లి, పలుపు ప్రభువు చేతికిచ్చింది. ఎంతకీ లేవదు.

"ఇంకేం కావాలి?" అన్నాడాయన.

"రాజుగారు తమకు చేసినట్టే చెయ్యండి, ప్రభూ. తిరిగి ఇప్పించండి."

"ఇవ్వకపోతే?"

"అప్పగించినవి ఉంచేసుకోవచ్చని రాజుగారికీ తోస్తుందేమోనండి."

పక్కనే కూర్చున్న రాజదూత చెవులు రిక్కించాడు. ప్రభువు గబుక్కున పలుపు ఆమె చేతిలో పెట్టేశాడు.

ఫినోలా అప్పటికీ లేవలేదు.

"మరి బిరుదు మాటేమిటండీ? ఓ గడ్డిమోపు ఇప్పించినా సర్దుకుంటాను."