బుఖారాలో సగం గిన్నె అంకమ్మ

బుఖారా పాతనగరంలో గుమ్మటాల బజారు దాటి ఎడమకు తిరిగితే ముల్తానీ వర్తకులు దిగే పాత సరాయి కనిపిస్తుంది. వాకిట్లో మల్బరీ చెట్టు, చెట్టు కింద తివాచీలు పరిచిన చెక్క మంచాలు, ఆ పక్కనే ఒక చాయిఖానా, అంటే టీ కొట్టు. చాయిఖానా గోడలో చిన్న గూడు ఉంది. గూట్లో అరచేతిలో ఇమిడే పసుపు మరకల రాయి, దాని ముందు సగం వరకే టీ పోసిన పిడిలేని గిన్నె ఉంటాయి. మన యాత్రికులు దీనినే సగం గిన్నె అంకమ్మ సన్నిధి అంటారు. అయితే ఇది గుడి కాదు. గుడి అనుకుని కొబ్బరికాయ కొట్టి, చాయిఖానావాళ్ళ తివాచీ తడిపి, పైగా "ప్రసాదం ఏదండీ?" అని అడిగే మహానుభావులు ఏటా ఎవరో ఒకరు తగులుతూనే ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దని చేతులు జోడించి మనవి.

ఈ ఊళ్ళో ఎక్కడ తినాలి, ఏం తాగాలి అన్నది భక్తులు అడిగే మొదటి ప్రశ్న. పులావు కావలసినవారు మధ్యాహ్నం లోపే వెళ్ళాలి. బాణలి ఖాళీ అయితే ఆ రోజుకు అంతే సంగతులు. అందులో మాంసం ఉంటుంది, ముక్కలు ఏరేసి పెట్టమని బతిమాలి ప్రయోజనం లేదు. శాకాహారులు తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టె, గుమ్మడికాయ కూరిన సమోసా, ఖర్బూజా ముక్కలు తిని హాయిగా ఉండవచ్చు. రొట్టెను మాత్రం బోర్లించి పెట్టకూడదు, ఇక్కడివాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. ఇక తాగడం సంగతి చెప్పాలంటే కథలోకి వెళ్ళాలి.

పూర్వం ఇక్కడికి బందరు నుంచి సాంబయ్య అనే అద్దకపు బట్టల వర్తకుడు ముల్తానీల బిడారుతో కలిసి వచ్చాడు. వెంట బావమరిది ఈరన్న ఉన్నాడు. బయలుదేరే ముందు సాంబయ్య భార్య నాంచారమ్మ తమ్ముడి చేయి తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "వీణ్ణి మీకు అప్పగిస్తున్నానండీ. తిండికి గానీ దాహానికి గానీ ఎక్కడా తక్కువ చేయకండి. వీడు లేకుండా మీరొక్కరే మాత్రం గుమ్మం ఎక్కకండి" అంది. సాంబయ్య మూటలో ఇంటి ఇలవేల్పు అంకమ్మ తల్లి రాయిని పెట్టుకుని, సరేనని మాటిచ్చి కదిలాడు.

తీరా బుఖారా చేరాక ఈరన్న మంచాన పడ్డాడు. దారిలో ఎడారి ఎండ ఒక పక్క పీల్చేసింది. ఊళ్ళోని కొలను నీళ్ళు తాగాక కడుపులో ఏదీ నిలవడం లేదు. పెదవులు పగిలి, కళ్ళు లోపలికి పోయి, "దాహం బావా" అన్న మాట తప్ప నోట ఇంకో మాట లేదు. సాంబయ్యకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మరిగించిన పానీయం ఏదైనా పట్టించమని బిడారులోని హుకుంచంద్ అనే ముల్తానీ వర్తకుడు దక్కనీ భాషలో చెప్పి తన పని మీద తాను వెళ్ళిపోయాడు. ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని అడగాలో చెప్పనే లేదు.

సరాయి వాకిట్లోనే సఫర్ బాబా అనే ముసలాయన చాయిఖానా ఉంది. సాంబయ్య వెళ్ళగానే బాబా గుండె మీద చేయి పెట్టుకుని తల వంచాడు, మెత్తటి చోటు చూపించాడు. బాగానే ఉంది. తరువాత ఏదో ఆకు కషాయం గిన్నెలో పోశాడు. పోసినవాడు దాన్ని తిరిగి కూజాలో పోసుకున్నాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఇదేం చోద్యంరా నాయనా అని సాంబయ్య నోరు తెరుచుకు చూస్తుంటే, చివరికి సగం గిన్నె పోసి ఆపి, నవ్వుతూ చేతికిచ్చాడు. సాంబయ్యకు ఒళ్ళు మండిపోయింది. బందరులో గడప తొక్కిన బిచ్చగాడికైనా ముంత నిండా మజ్జిగ పోస్తారు. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడం, ఆపైన సగం పోయడం, ఇంతకన్నా అవమానం ఏముంటుంది? గిన్నె అక్కడే పెట్టి విసురుగా లేచి వచ్చేశాడు. తన వల్ల ఏం తప్పు జరిగిందో తెలియక బాబా రొట్టె పట్టుకుని వెనకాల కొంత దూరం వచ్చాడు. సాంబయ్య తిరిగి చూడలేదు.

బజారు మొగలో ఇంకో చాయిఖానా ఉంది. అక్కడివాడు పలకరించనైనా లేదు గానీ గిన్నె అంచుదాకా, పొర్లిపోయేంతగా పోశాడు. "హమ్మయ్య, మర్యాద తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడు" అని సాంబయ్య మురిసిపోయి, నోరు కాలుతున్నా తాగేసి, ఈరన్నకు కూడా కావాలని సైగ చేశాడు. అవతలివాడు గిన్నె లాక్కుని సాంబయ్య కూర్చున్న చాప దులపడం మొదలుపెట్టాడు. సాంబయ్య ఇంకా సైగలు చేస్తూ ఉంటే వీధి వైపు వేలు చూపించాడు. ఏమీ అర్థం కాలేదు. నిండుగా పోసినవాడు వెళ్ళగొట్టడం ఏమిటి, సగం పోసినవాడు వెంటపడి రావడం ఏమిటి? తల పట్టుకుని ఉత్తచేతులతో సరాయికి వచ్చి, ఈరన్న పక్కనే గోడకు చేరగిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం కునుకులో ఎర్రంచు చీర కట్టిన ముసలమ్మ ఒకామె కనిపించింది. చంకలో చెంబు ఉంది. "ఒరే సాంబయ్యా! నిండుగా పోసిన చోట కూర్చోకు. సగం పోసిన చోట లేవకు" అని చెప్పి, ఇంకేమీ అడగనివ్వకుండా వెళ్ళిపోయింది. అంకమ్మ తల్లేనని సాంబయ్య పోల్చుకున్నాడు. కానీ లేచాక మొదటికన్నా ఎక్కువ అయోమయంలో పడ్డాడు. తల్లి తిరగేసి చెప్పిందా, లేక ఆకలికి తానే తిరగేసి విన్నాడా?

"ఒరే ఈరన్నా, మర్యాద తెలియనివాడి దగ్గరకు అమ్మవారు మనల్ని ఎందుకు పంపుతుందిరా?" అని అడిగాడు.

ఈరన్న కళ్ళు తెరవకుండానే, "మర్యాద నాకెందుకు బావా, గుక్కెడు దాహం పోయించు" అన్నాడు.

ఆ మాటకు సాంబయ్య గుండె కలుక్కుమంది. తన పరువు కోసం పిల్లవాడి ప్రాణం తీస్తున్నానే అని ఏడుపొచ్చింది. ఈరన్నను వీపున వేసుకుని, సిగ్గు చంపుకుని, సఫర్ బాబా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. బాబా దిండ్లు సర్ది ఈరన్నను పడుకోబెట్టి, తల కింద చేయి పెట్టి సగం గిన్నె పట్టించాడు. అది లోపల నిలిచింది. మళ్ళీ సగం పోశాడు. కాసేపాగి ఇంకో సగం. ఎప్పటికప్పుడు వేడిగా, నోరు కాలకుండా, చల్లారిపోకుండా పోస్తూనే ఉన్నాడు. పొద్దువాలే వేళకు ఈరన్న కళ్ళు తెరిచి, "బాగుంది బావా, ఇంకొంచెం" అన్నాడు.

సాంబయ్యకు ఆనందం పట్టలేదు. ఇంత మంచి మనిషికి మర్యాద ఎలా చేయాలో మనమే చూపిద్దామనుకున్నాడు. కూజా అందుకుని ఒక గిన్నెను పొర్లిపోయేదాకా నింపి, రెండు చేతులా బాబాకు అందించి దణ్ణం పెట్టాడు. బాబా ముఖం పాలిపోయింది. గిన్నె వైపు చూశాడు, సాంబయ్య వైపు చూశాడు. గుటకలు మింగుతూ మొత్తం తాగి, గిన్నె కింద పెట్టి, టోపీ సర్దుకుని, తన చాయిఖానాలోంచి తానే బయటికి వెళ్ళిపోయాడు.

పొయ్యి ఆరిపోతోంది. కూజాలో చుక్క లేదు. ఈరన్న ఇంకా ఇంకా అంటున్నాడు. సాంబయ్య వాకిట్లోకీ లోపలికీ పరుగులు పెడుతుండగా హుకుంచంద్ తిరిగొచ్చాడు. జరిగింది విని ముందు పగలబడి నవ్వాడు, ఆ తరువాత నెత్తి కొట్టుకున్నాడు.

"ఎంత పని చేశావయ్యా! కూజాలోకి తిరిగి పోసుకోవడం ఆకు సారం బాగా దిగాలని. ఇక్కడ నిండుగా పోశారంటే తాగి దయచేయమని. సగం పోశారంటే, చల్లారకముందే మళ్ళీ పోస్తాం, ఇంకాసేపు కూర్చోమని. ఆయన కొట్లోంచి ఆయన్నే పొమ్మన్నావు!"

తల్లి చెప్పిన మాట అప్పటికి గాని సాంబయ్య బుర్రకు ఎక్కలేదు. హుకుంచంద్‌ను రెక్క పట్టుకుని లాక్కుంటూ వీధిన పడ్డాడు. అన్నీ ఒకేలా ఉన్న మట్టిగోడల సందులు, ఏ సందు ఎటు పోతుందో తెలియదు. చివరికి ఒక మూసిన దుకాణం అరుగు మీద, తప్పు చేసిన పసివాడిలా బాబా కూర్చుని ఉన్నాడు. "అతిథి వెళ్ళమన్నాడు. అతిథి మాట కాదనడం ఎలా?" అన్నాడట. హుకుంచంద్ ఆ మాట దక్కనీలో చెప్పగా విన్న సాంబయ్య ఆయన కాళ్ళ మీద పడ్డాడు. తిరిగి తీసుకువచ్చి, కూజా నింపించి, ఈసారి తన చేత్తో సగం మాత్రమే పోసి ఇచ్చాడు. బాబా అది తాగి, గిన్నె మళ్ళీ చాచాడు.

ఈరన్న కోలుకుని నడిచాడు. బిడారు కదిలే రోజు వచ్చింది. ఆచారం ప్రకారం నిండు గిన్నె పోసి సాగనంపమని సాంబయ్యే అడిగాడు. బాబా కూజా వంచాడు. ధార సగం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ వంచాడు, చేయి కదలలేదు. సాంబయ్య ఆ టీ తాగకుండా, మూటలోంచి అంకమ్మ రాయిని తీసి గూట్లో పెట్టి, గిన్నెను దాని ముందుంచాడు. "మా పెద్దదిక్కు ఇక్కడే కూర్చుంటుంది బాబా, ఈ తల్లిని మాత్రం పొమ్మనకండి" అన్నాడు.

ఇంటికి చేరిన రోజు నాంచారమ్మ తమ్ముణ్ణి పట్టుకుని భోరుమంది. సాంబయ్య మజ్జిగ ముంత తీసుకుని ఈరన్నకు సగమే పోయడం చూసి, "అయ్యో, ఇదేం బుద్ధండీ, వాడికి సగమా?" అని గయ్యిమంది. సంగతంతా విన్నాక ముంత తనే లాక్కుని, సగం సగంగా పోస్తూ తమ్ముణ్ణి పొద్దుపోయేదాకా పీట మీంచి లేవనివ్వలేదు.

నేటికీ చాయిఖానా వారసులు ఆ రాయిని పూజించరు. అతిథి వదిలివెళ్ళిన వస్తువని కాపాడుతున్నారు. పొద్దున్నే మొదటి టీ దాని ముందు సగం పోస్తారు, చల్లారితే మారుస్తారు. ఇక్కడ కూర్చుని తాగినవారికి పరాయి ఊళ్ళో దాహం బాధ ఉండదని, వెంట తెచ్చుకున్నవారిని క్షేమంగా ఇల్లు చేరుస్తారని నమ్మకం. మీకు సగమే పోస్తే కోపగించుకోకండి, స్థిమితంగా కూర్చోండి. వెళ్ళే రోజున మాత్రం మనవాళ్ళు నిండుగా పోయమని అడగాలి. చాయిఖానా ఆయన సరేనని కూజా వంచుతాడు, సగం దగ్గర ఆపి, ఎటో చూస్తూ నిలబడతాడు. ఇంతవరకు ఆ గూటి ముందు నిండు గిన్నె తాగిన తెలుగువారు ఒక్కరూ లేరు.