నిండు సీసా

ఆ సోమవారం పొద్దున కాత్యాయని జకరయ్య మాస్టారి గదికి దాదాపు పరుగున వెళ్ళింది. ఎక్కువ మోతాదు ఇస్తున్న బోనులో మూడు ఎలుకలూ చనిపోయాయి.

ఒంగోలు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఆమె పరిశోధన మొదలుపెట్టి ఐదు నెలలైంది. ఎలుకలకు ముందు సూదిమందుతో షుగర్ తెప్పించి, తర్వాత షుగరుకు నాటువైద్యంలో వాడే పొడపత్రి ఆకు నుంచి తీసిన మందు పట్టించి చూస్తోంది. జరిగింది చెబుతుంటే ఆమె గొంతులో బాధ కంటే తొందరే ఎక్కువగా ఉంది. మోతాదు మించితే ఈ మందు విషమని తేలింది, దీన్ని వెంటనే వ్యాసంగా రాసి సైన్సు పత్రికకు పంపాలి అంది.

మాస్టారు పశువుల డాక్టరు. రిటైరయ్యాక ఆ కాలేజీ యానిమల్ హౌస్ చూసుకుంటున్నారు. ప్రయోగాలకు వాడే జీవాలను ఎలా సాకాలో, వాటి బాధ ఎలా తగ్గించాలో చుట్టుపక్కల పరిశోధక విద్యార్థులకు ఏటా పదిరోజుల పాటు నేర్పుతారు. నిరుడు చివర్లో పెట్టిన పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు కాత్యాయనికే వచ్చాయి. ఆ పట్టా మీద సంతకం ఆయనదే.

ఆయన కోటు తొడుక్కుని ఆమె వెంట నడిచారు.

బోనులో మూడూ ఒక మూల ఒకదాన్నొకటి ఆనుకుని పడి ఉన్నాయి. మాస్టారు వాటి వంక కాసేపు చూశారు. తర్వాత అడుగున పరిచిన ఊకను పిడికెడు తీసి వేళ్ళతో నలిపారు. అది పొడిగా రాలింది.

"నీళ్ళు?" అన్నారు.

"నిండుగా ఉన్నాయి సార్. రోజూ చూస్తున్నాను."

ఆమె రోజువారీ కాగితం తెచ్చి చూపించింది. శుక్రవారం నిండుగా, శనివారం నిండుగా, ఆదివారం నిండుగా. ఆమె గుండ్రటి చేతిరాతే.

మాస్టారు బోనుకు తలకిందులుగా తగిలించిన సీసా కింది స్టీలు గొట్టం చూపించారు.

"వేలు పెట్టమ్మా."

కాత్యాయని గొట్టం కొసకు వేలు ఆనించింది. లోపలి గుండు కదలాలి, చుక్క రావాలి. రాలేదు. గట్టిగా నొక్కింది. గుండు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని బిగుసుకుపోయి ఉంది. ఫిల్టరు పాడై పదిరోజులుగా సీసాల్లో బోరు నీళ్ళే నింపుతున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

వేలు అక్కడే ఉండిపోయింది.

షుగర్ ఉన్న ఎలుక మామూలు ఎలుకకంటే ఎన్నో రెట్లు నీళ్ళు తాగుతుంది. థీసిస్ మొదటి అధ్యాయంలో ఆమే రాసింది. మిగిలిన బోనుల్లో సీసాలు పూటపూటకూ ఖాళీ అవుతుంటే ఇది ఒక్కటి నింపే పని లేదని శుక్రవారం సంతోషించింది. ఊక తడవలేదు, మార్చే శ్రమ తప్పిందనుకుంది. శనివారం మధ్యాహ్నం ఒక ఎలుక రెండు ముంగాళ్ళతో గొట్టం పట్టుకుని నాకుతూనే ఉంది. 'చురుగ్గా ఉంది' అని రాసుకుని లైటు తీసేసింది. నిన్న మందు పట్టించడానికి చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిపోయింది. మందు ప్రభావం అనుకుంది.

మాస్టారు మొదటి బోను దగ్గరికి వెళ్ళి దాని గొట్టానికి వేలు ఆనించారు. చుక్క వచ్చేదాకా ఆగి, కోటుకు తుడుచుకుని రెండో బోను దగ్గరికి వెళ్ళారు. ఆ తర్వాత మూడోది. వయసు వల్ల పై వరసలకు ఆయన చెయ్యి సరిగా అందడం లేదు. కాత్యాయని స్టూలు తెచ్చి, పై వరసలు తను చూసింది. ఒకచోట ఎలుక వచ్చి ఆమె వేలి మీది నీటిని నాకి, మళ్ళీ ముఖం ఎత్తి చూసింది. ఆమె గభాలున తల తిప్పేసుకుంది.

ఇంకో రెండు గొట్టాలు బిగుసుకుంటూ కనిపించాయి. మార్చారు.

చివరికి ఆమె మరణాల పుస్తకం ముందు కూర్చుంది. పొద్దున తొందరలో రాసిన 'మందు మోతాదు' అన్న మాట అక్కడే ఉంది. అది అలాగే ఉంటే ఎవరూ అడగరు. కొట్టేస్తే ఈ గుంపు మొత్తం లెక్కలోంచి పోతుంది, పోల్చడానికి ఇది లేకపోతే ప్రయోగం మొదటినుంచీ చెయ్యాలి. ఐదు నెలలు పోతాయి. మిగిలినవాటి ప్రాణాలూ వృథా అవుతాయి. మళ్ళీ కొత్త ఎలుకలు, మళ్ళీ సూదులు.

"ఏం రాయను సార్?" అని అడిగింది. 

ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

చాలాసేపటికి ఆమె ఆ మాట కొట్టేసి పక్కన 'దాహం' అని రాసింది. కింద సంతకం పెట్టి పుస్తకం మూయబోయింది.

మాస్టారు ఆపి, ఆమె చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. ఆమె సంతకం కింద తన సంతకం పెట్టారు.

"మీరెందుకు సార్?"

"పదిరోజులు పాఠం చెప్పాను," అన్నారాయన, పుస్తకం వంకే చూస్తూ. "ఒక్కరోజైనా వేలు పెట్టించలేదు."